తిరుగు చార్జీ లేని పార్శిలు

ఫలక్‌నుమా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసిన ఇశ్రాయేలు ఒక ఉత్తరం కోసం మెయిలు బండినే ఆపేశాడు. ఎర్రజెండా పట్టుకుని పట్టాల మధ్య నిలబడ్డాడు. ఇంజను రొప్పుతూ వచ్చి అతని ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. పెట్టెల్లోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఇశ్రాయేలు జెండా చుట్టి చంకలో పెట్టుకుని, నింపాదిగా టపా పెట్టె దాకా నడిచి, తలుపు కొట్టి, "నాకేమన్న ఖత్ వచ్చిందా?" అని అడిగాడు.

సరే, మెయిలు బండి కాదు, ప్యాసింజరు. ఎర్రజెండా కూడా చూపలేదు, ఆ ప్యాసింజరు ఎలాగూ ఫలక్‌నుమాలో ఆగేదే. అయితే బండి కదలాల్సిన వేళకు పచ్చజెండా చూపకుండా చంకలో పెట్టుకున్న మాట నిజం. టపా పెట్టె తలుపు కొట్టిన మాట నిజం. గార్డు ఈల ఊది ఊది చివరికి తిట్లకు దిగిన మాట నిజం. మా మనవళ్లకు చెప్పేటప్పుడు మాత్రం మెయిలు బండే ఆగుతుంది. ఆగే బండి ఆగిందంటే ఎవరు వింటారు?

ఆ ఖత్ మద్రాసు నుంచి రావాలి. అక్కడి ఒక వారపత్రికకు ఇశ్రాయేలు నవల పంపాడు. ఇది డెబ్భై మూడు నాటి సంగతి. అప్పుడు స్టేషన్ వెనక గల్లీలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. అతని భార్య సుందరమ్మ ఆడవాళ్ల జాకెట్లు కుట్టేది. ఆమె మిషను తొక్కడం మొదలుపెడితే మా గోడ గడియారం వణికేది. ఆ గడియారం ఎప్పుడూ తప్పు టైము చూపించడానికి కారణం సుందరమ్మేనని మా ఆవిడ చివరిదాకా నమ్మింది.

ఇశ్రాయేలు పొడుగు మనిషి, మాట తక్కువ. డ్యూటీలో బండికీ బండికీ మధ్య పాయింట్ల పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని రాసుకునేవాడు. రాసింది రాసినట్టు సాయంత్రం సుందరమ్మకు చదివి వినిపించేవాడు. ఆమెకు అక్షరం రాదు. మిషను ఆపకుండానే వినేది. నచ్చని చోట మిషను జోరుగా తొక్కేది. అక్కడ అతని గొంతు వినపడేది కాదు. మర్నాడు ఆ పేజీ మళ్లీ రాసుకొచ్చేవాడు. అలా కొన్నేళ్లు గడిచాయి. గోడకు ఇవతల కూర్చుని ఆ నవల సగం నేనూ విన్నాను.

దాని పేరు 'గేటు అవతలి ఇల్లు'. రైలు గేటుకు అవతల ఒక కుటుంబం ఉంటుంది. పిల్లకు జ్వరం తలకెక్కితే తండ్రి భుజాన వేసుకుని డాక్టరు కోసం పరుగెత్తుకొస్తాడు. గేటు మూసి ఉంటుంది. రావలసిన గూడ్సు బండి రాదు, గేటు మూసినవాడు రూలు ప్రకారం తెరవడు. కథంతా ఆ గేటు మూసినవాడే చెబుతాడు. ఇశ్రాయేలు పాయింట్స్‌మన్ కాకముందు ఎక్కడో గేటు దగ్గర పనిచేశాడని నాకు తెలుసు. అది జరిగిన కథేనా అని నేను అడగలేదు. అడగాలనుకున్నవాడికి జవాబు నవలలోనే ఉంది.

నవల పూర్తయ్యాక మొఘల్‌పురాలో సీతారాం సేఠ్ కాగితాల దుకాణంలో మంచి తెల్ల కాగితం కొనుక్కొచ్చి, ఒకవైపే, మార్జిను వదిలి, ముత్యాల్లాంటి అక్షరాలతో వర్షాకాలమంతా కూర్చుని మంచి ప్రతి తీశాడు. పాత చిత్తు కాగితాలన్నీ సుందరమ్మ నీళ్ల పొయ్యిలోకి పోయాయి. అతనే ఇచ్చాడు.

"రెండో కాపీ ఉంచుకోవా తమ్మీ? కార్బన్ పెడితే అయిపోవు గద," అన్నాను.

"కార్బన్ పెడితే గట్టిగ ఒత్తి రాయాలె అన్నా. గట్టిగ ఒత్తితే నాకు మాట రాదు," అన్నాడు.

పార్శిలు మా అరుగు మీదే తయారైంది. నేను కాన్వెంటులో సిస్టర్ల బెత్తం కింద చదువుకున్నవాణ్ణి కనుక ఇంగ్లీషులో అడ్రసు రాసే గౌరవం నాకు దక్కింది. పత్రిక చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాలతో రూలు ఉంది: తగిన స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు జతచేయకపోతే రచనలు తిప్పి పంపరు, ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరు. రూలు చూసి పెద్ద కవరు ఒకటి తెచ్చి, దాని మీద ఇశ్రాయేలు చిరునామా రాసి, స్టాంపులు అంటించి కాగితాల మీద పెట్టాను. సుందరమ్మ చేతిలో సూది, తెల్లగుడ్డ పట్టుకుని నిలబడి చూస్తోంది. పార్శిలుకు గుడ్డ కుట్టడం ఆమె పని.

"అన్నా, గా రెండో లిఫాఫా ఏంది?"

"వాళ్లకు నచ్చకుంటే వాపసు పంపనీకె, చెల్లె."

"పోకముందే వాపసా?" ఆమె సూది గుడ్డకు గుచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మన పిల్లను కిషన్‌బాగ్ అత్తగారింటికి పంపిన నాడు తిరుగు బస్సుకు చార్జీ కొంగున కట్టి పంపినమా? కడితే దాని అత్త ఏమనుకునేది? గీ పిల్ల ఉండనీకె రాలేదు, రేపో ఎల్లుండో పోతది అనుకోదా?"

"ఇది పిల్ల కాదే, కాగితాలు," అన్నాడు ఇశ్రాయేలు.

"నాకు తెల్వదా? పిల్లకన్న ఎక్కువ చూసినవు దీన్ని."

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు. పార్శిలు లోపలికి తీసుకుపోయి, గుడ్డలో పెట్టి, అంచులు మడిచి, పెళ్లిబట్టలు కుట్టినంత శ్రద్ధగా కుట్టి తెచ్చింది. ఇశ్రాయేలు కుట్ల మీద లక్క వేశాడు. ఆమె కళ్లు మూసుకుని, పార్శిలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

ఆ రెండో కవరు పార్శిలు లోపల లేదు. గుడ్డ కుట్టేముందు సుందరమ్మ దాన్ని తీసేసి మిషను పెట్టెలో దాచింది. ఇది మాకు చాలా కాలం తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెబుతున్నాను, ఎందుకంటే ఇది తెలియకుండా ఇశ్రాయేలు మాటలు వింటే మీకు అతను పిచ్చివాడనిపిస్తాడు. పిచ్చి కాదు, లెక్క. తన లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

"చూడన్నా," అనేవాడు మా అరుగు మీద కూర్చుని. "వాపసు లిఫాఫా మనమే పెట్టినం. స్టాంపులు మనమే అంటించినం. నచ్చకుంటే దాంట్ల తోసి టపా డబ్బాల పడేసుడే గద వాళ్ల పని?"

"అంతే."

"పడేయలేదు. అంటే?"

"అంటే?"

"ఉంచుకున్నరు."

ఒక నెల తిరిగి రాకపోతే కొంచెం ఉంచుకున్నట్టు. రెండు నెలలు రాకపోతే గట్టిగా ఉంచుకున్నట్టు. ఉత్తరం రాని ప్రతివారం అతని నమ్మకం పెరిగింది. గోడకు అవతల మిషను చప్పుడు మాత్రం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. పని తగ్గిందనుకున్నాను.

చర్చిలో పాస్టరు ఒక ఆదివారం ఇశ్రాయేలును లేపి నిలబెట్టి, ఇతని పుస్తకం మద్రాసు వాళ్లు తీసుకున్నారని చెప్పి, అందరిచేతా కృతజ్ఞతా ప్రార్థన చేయించాడు. ఇశ్రాయేలు కాదనలేదు. సుందరమ్మ ఆ రోజు సగంలోనే లేచి ఇంటికి వచ్చేసింది, కడుపులో నొప్పి అంది.

నమ్మకం ఉన్నా ఖత్ మాత్రం కావాలి కదా. మొదట్లో పోస్ట్‌మన్ కైలాసం కోసం ఇంటి గడప మీద కూర్చునేవాడు. తర్వాత గల్లీ మొదట్లో నిలబడ్డాడు. తర్వాత ఇంజన్‌బౌలి ఇరానీ హోటలు దగ్గర సైకిలు ఆపేవాడు. చివరికి కైలాసం ఇంట్లో చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"ఇశ్రాయేలన్నా, ఉంటే నేను దాచుకుంటనా? నాకు నవలలు చదివే షౌక్ లేదు," అనేవాడు కైలాసం. "మొన్న మా పెండ్లాం అడిగింది, గీ అన్న మనింట్ల ఎందుకు కూసుంటుండు, ఏమన్న అప్పున్నవా అని."

"సంచి అడుగున చూసినవా?"

"సంచి తిప్పి దులిపిన. ఒక బల్లి పడ్డది. కావాలంటే నీ పేరు మీద రాసుకో."

నేను మద్రాసుకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాను. ఇంగ్లీషులో రాస్తే లేచి నిలబడి చదువుతారని ఇశ్రాయేలు నమ్మకం. సిస్టర్లు నేర్పిన మర్యాదలన్నీ గుమ్మరించాను. సంతకం కింద నాకు లేని డిగ్రీ ఒకటి పెట్టాను. జవాబు లేదు. సీతారాం సేఠ్ దుకాణంలో ప్రతివారం పత్రిక వచ్చిన రోజు ఇశ్రాయేలు కొనకుండానే తిప్పి, రాబోయే సీరియల్ ప్రకటన చూసి, పెట్టేసేవాడు.

"ఏం ఇశ్రాయేల్ భాయ్," అనేవాడు సేఠ్ కాగితాల కట్టల మీద బోర్లా పడి, "నీ నవల వచ్చే వారమా, వచ్చే రంజాన్‌కా? ముందే చెప్తే దుకాణానికి రంగు ఏపిస్త."

క్రిస్మస్ పోయింది. ఈస్టరు పోయింది. లెక్క మాత్రం అలాగే ఉంది, మనిషి మారాడు. గడ్డం గీయడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని సైకిలు గంట వినపడిందని లేచేవాడు. మళ్లీ వచ్చి కూర్చునేవాడు కాదు. ప్యాసింజరు సంగతి అప్పుడే జరిగింది. స్టేషన్ మాస్టరు మెమో ఇచ్చి, మళ్లీ ఇలా చేస్తే పై ఆఫీసుకు రాస్తానన్నాడు. ఇశ్రాయేలు మెమో వెనక్కి తిప్పి ఖాళీగా ఉందేమో చూశాడు. రాసుకోవడానికి కాదు, ఊరికే అలవాటు.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అన్నాడు: "అన్నా, ఇగ నాతోని అయితలేదు. తీసుకున్నరని ఆరునెల్లు బతికిన. ఇప్పుడు కాదన్నా మంచిదే. కాదు అని రెండక్షరాలు రాస్తే చాలు, తెచ్చుకుని పెట్టెల పెట్టుకుంట. గా పిల్ల నాకాడ ఉంటది."

పిల్ల అంటే నవలలోని పిల్ల. భుజం మీద జ్వరంతో ఉన్న పిల్ల.

రెండు రోజులకు కైలాసమే మా ఇంటికి వచ్చాడు, ఖత్ లేకుండా. ఇశ్రాయేలు పట్టాల నడుమ నడిచిపోతుంటే వెనక ఇంజను కూత పెట్టిందట, అతను తిరిగి చూడలేదట. ఎవరో పరుగెత్తి భుజం పట్టి లాగారు. "వినపడలే అంటుండు. ఇంజను కూత వినపడలేదట! నా సైకిలు గంట గల్లీ అవతలికెల్లి వినపడ్తది ఆయనకు," అన్నాడు కైలాసం. అతని మొహంలో ఎగతాళి లేదు.

మాటలు గోడ అవతలికి వినపడ్డాయి. కైలాసం వెళ్లగానే సుందరమ్మ వచ్చింది. కొంగు కింద నుంచి కవరు తీసి నా ముందు పెట్టింది. నా చేతిరాతే. స్టాంపులు కొత్తగా మెరుస్తున్నాయి.

"నేనే తీసిన అన్నా. తిరుగు చార్జీ ఇస్తే తిరిగొస్తదని తీసిన. ఉండిపోతదని తీసిన." ఆమె ఏడవలేదు. "ఇది లేదని ఆయనకు తెల్వదు. దీని మీదనే లెక్క కట్టుకున్నడు. రోజు రోజు కట్టుకుంట పోయిండు. ఎట్ల చెప్పాలె? చర్చిల ప్రార్థన చేస్తుంటే నేను నేల దిక్కు చూసిన. ఏ నోటితోని చెప్పాలె?"

నేను కవరు చేతిలోకి తీసుకున్నాను.

"పంపిద్దాం," అన్నాను. "ఆలస్యం అయింది గాని పంపిద్దాం. దాంట్ల పెట్టి పంపమని అడుగుదాం."

ఆ కవరునే మడిచి, ఇంకో కవరులో పెట్టి, జవాబు కోసం ఒక కార్డు కూడా జతచేసి, ఈసారి తెలుగులో, మర్యాదలు తగ్గించి రాశాను. నవల పేరు, పంపిన నెల, చిరునామా. దయచేసి తిప్పి పంపండి.

జవాబు తొందరగానే వచ్చింది. కైలాసం దాన్ని నాకు ఇద్దామని దాచుకుని వస్తుంటే ఇశ్రాయేలు ఇరానీ హోటలు దగ్గర సైకిలు ఆపాడు. ఆపి అడగను కూడా లేదు, కైలాసం మొహం చూసి చెయ్యి చాపాడు.

కార్డు పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. నేను అరుగు మీద ఉన్నాను, సుందరమ్మ తలుపు దగ్గర ఉంది. చదివి వినిపించాడు, నవల వినిపించినట్టే, నిదానంగా: తిరుగు స్టాంపులు జతచేయని రచనలను నిబంధనల ప్రకారం కొంతకాలం ఉంచి, తర్వాత చెత్త కాగితాలతో కలిపి అమ్మేస్తారు. మీ రచన మా వద్ద లేదు. మీరు ఇప్పుడు పంపిన కవరు విడిగా వాపసు చేస్తున్నాము.

"ఏ కవరు?" అన్నాడు. "స్టాంపులు పెట్టినం గద అన్నా. నీ చేత్తోనే పెట్టినవు గద. వీళ్లు తప్పు రాసిండ్రు. ఇంకో ఇశ్రాయేలుది అయ్యుంటది."

"తప్పు రాయలేదయ్యా," అంది సుందరమ్మ. "నేను తీసిన. గుడ్డ కుట్టేటప్పుడు నేను తీసిన."

ఆమె అంతా చెప్పింది, కిషన్‌బాగ్ పిల్ల, అత్త, చార్జీ, అన్నీ. అతను వింటున్నాడో లేదో తెలియలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, జెండాలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమంతా సుందరమ్మ స్టేషన్ కంచె పట్టుకుని నిలబడింది. బండి కూత పెట్టినప్పుడల్లా అతను పక్కకు జరిగాడా లేదా చూస్తూ.

మర్నాడు ఇశ్రాయేలు సెలవు పెట్టి, రైల్వే పాసు రాయించుకుని, మొఘల్‌పురాకు పోయి సీతారాం సేఠ్‌ను అడిగాడు, మద్రాసులో పత్రికలవాళ్ల చెత్త కాగితం ఎవరు కొంటారని. సేఠ్ వ్యాపారం మొత్తం కాగితమే కనుక అతనికి తెలుసు. ఒక బజారు పేరు, ఒక వ్యాపారి పేరు చెప్పాడు. చెప్పి, అలవాటు కొద్దీ ఒక మాట అన్నాడు: "ఫికర్ చేయకు భాయ్. చెత్త కాగితం మిల్లుకు పోతది, మిల్లుల నానబెట్టి మళ్ల తెల్ల కాగితం చేస్తరు. తిరిగి తిరిగి నా దుకాణానికే వస్తది. అప్పుడు నీకే అమ్ముత." అని నవ్వబోయి, ఇశ్రాయేలు మొహం చూసి ఆగిపోయాడు. కట్టల మీది నుంచి దిగి వచ్చి, లోపలి నుంచి చాయ్ తెప్పించాడు. ఇశ్రాయేలు తాగలేదు.

మద్రాసులో ఏం జరిగిందో మా మనవళ్లకు నేను వేరేగా చెబుతాను. ఒక ముసలాయన బండి మీద వేయించిన శనగలు అమ్ముతున్నాడనీ, ఇశ్రాయేలు పొట్లం విప్పితే అది తన నవల చివరి పేజీ అనీ, శనగలు పక్కన పోసి ఆ పేజీని గుండెకు అదుముకున్నాడనీ చెబుతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. అదంతా నేను అల్లింది. మద్రాసులో అతనికి ఒక్క కాగితం ముక్క దొరకలేదు. వ్యాపారి గోడౌను ఎప్పుడో ఖాళీ చేసి మిల్లుకు పంపేశాడు. అయినా ఇశ్రాయేలు ఆ గోడౌనులో రెండు రోజులు కట్టలు విప్పాడు. అవి వేరే పత్రికల కాగితాలని వాళ్లు చెబుతూనే ఉన్నారు. విప్పనిచ్చారు, పాపం. తర్వాత అతను తిరిగి వచ్చాడు.

వచ్చిన సాయంత్రం గోడ అవతల మిషను లేదు. సుందరమ్మ గొంతు వినపడింది.

"గేటుకు అవుతల ఒక ఇల్లుండె. ఆ ఇంటికి తలుపు లేదు, గోనెపట్టా ఏలాడేసిండ్రు. గాలొస్తే గేటు మూసినవానికి లోపలి దీపం కనపడేది..."

నవల మొదలు. ఆమెకు చదువు రాదు, కానీ ఏళ్ల తరబడి విన్నది. అక్కడక్కడ ఆగుతూ, వెనక్కి పోతూ చెబుతోంది. నేను కూడా గోడకు చెవి ఆనించాను. నాకు గుర్తున్నంత వరకు మాట తప్పిపోలేదు.

"రాయయ్యా," అంది. "నేను చెప్త, నువ్వు రాయి. నాకు మస్తు యాదికి ఉంది."



"గట్ల కాదది," అన్నాడు ఇశ్రాయేలు.

"ఎట్లనో చెప్పు మరి."

అతను చెప్పలేదు. ఆమె మర్నాడూ మొదలుపెట్టింది, ఆ మర్నాడూ. పిల్లను భుజాన వేసుకుని తండ్రి పరుగెత్తే చోటికి రాగానే అతను లేచి బయటికి పోయేవాడు. కొన్నాళ్లకు ఆమె మానేసింది. అతను వారపత్రిక తిప్పడం మానేశాడు, కైలాసంతో మాట్లాడటం మానేశాడు, పెన్ను పట్టడం మానేశాడు. డ్యూటీ మాత్రం తప్పలేదు. రిటైరయ్యే దాకా మళ్లీ ఒక్క మెమో రాలేదు.

ఇది రాసి ఇంట్లో పెట్టుకుంటే బాగుండదని, మొన్న అతనికే చదివి వినిపించడానికి పోయాను. ఇప్పుడు వాళ్లు కిషన్‌బాగ్‌లో కూతురి ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఇశ్రాయేలు మంచం మీద కూర్చుని విన్నాడు. సుందరమ్మ కిటికీ దగ్గర చాటలో బియ్యం చెరుగుతోంది. మెయిలు బండి దగ్గర అతను నవ్వాడు. పార్శిలు దగ్గరికి రాగానే చాట చప్పుడు ఆగింది. ఆ తర్వాత నేను చదివినంతసేపూ ఆమె తల ఎత్తలేదు. అతను ఒకసారి ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోయింది. ఏమన్న తప్పుందా?"

"అంత తప్పే. నేను ఏ బండి ఆపలే."

"అది ఒప్పుకున్న గద తమ్మీ, ప్యాసింజరని."

"ప్యాసింజరు గుడ ఆపలే. నేను మద్రాసు మొహం చూడలే. కైలాసం ఇంట్ల కూసోలే."

"మరి నవల?"

"ఏ నవల? అర్జీ రాయాలన్నా నీ కాడికి వచ్చేటోణ్ణి, నవల రాస్తనా? నువ్వు మొదటికెల్లి గిట్లనే, లేనిది పుట్టిస్తవు." అతని గొంతు గట్టిగా ఉంది, కిటికీ దాకా వినపడేంత గట్టిగా. "ఇశ్రాయేలు ఏం రాయలే. రాయనిది ఎట్ల పోతది? ఎవరు పోగొడ్తరు? ఏం పోలే. అట్లనే రాసుకో."